మా తుపాకీ మీద నిలవని ఎర్ర చుక్క

పోయిన దసరాకు నేను నిమ్మకాయను కొట్టలేకపోయాను. ఈ ఒక్క మాట ఇంత సాఫుగా రాయడానికి నాకు ఏడాది పట్టింది. అప్పుడైతే చాలా చెప్పాను. దారం ఊగిందన్నాను. గాలి తిరిగిందన్నాను. వెనక నిలబడ్డవాళ్లు ముచ్చట్లు ఆపలేదన్నాను. తుపాకీతో మూడు ఛర్రాలు పేల్చాను, మూడూ చొప్ప మోపులోకి పోయాయి. నిమ్మకాయ మాత్రం పొద్దున చెట్టు నుంచి తెంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

మర్పల్లి దగ్గర మా పుట్టింట్లో ఆయుధపూజ నాడు ట్రాక్టరుకూ, గొడ్డళ్లకూ, అమ్మ కుట్టుమిషనుకూ బొట్టు పెట్టినట్టే నాయిన ఎయిర్ గన్‌కూ పెడతాం. స్ప్రింగుతో పనిచేసే పాత తుపాకీ అది. గొట్టాన్ని మధ్యకు విరిచి, చిన్న సీసపు ఛర్రా పెట్టి, మళ్లీ మూసి పేల్చాలి. పూజ అయ్యాక పెరట్లో చొప్ప మోపుల ముందు ఒక నిమ్మకాయను దారంతో వేలాడదీస్తాం. తుపాకీ ఎవరి దగ్గరుంటే వాళ్లు పదిహేను అంగల దూరం నుంచి కొట్టాలి. మూడు ఛర్రాలు ఇస్తారు. వరసగా రెండు దసరాలు తప్పితే తుపాకీ ఇంట్లో ఇంకొకరి చేతికి పోతుంది. నాయిన పెట్టిన నియమం ఇది. దానికి మొదట దొరికిందీ ఆయనే. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు రెండు దసరాలు వరసగా తప్పి, తుపాకీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ కన్ను మంచిది బిడ్డా, ఉంచుకో" అన్నాడు. పక్కనే ఉన్న తమ్ముడికి అప్పుడు పదిహేనేళ్లు. వాడు ఆ మాట ముప్పై ఏళ్లుగా మర్చిపోలేదు. నేనూ వాణ్ని మర్చిపోనివ్వలేదనుకోండి.

కాబట్టి పోయిన దసరా నాడు నా మూడో ఛర్రా తప్పగానే వాడి ముఖం ఎలా వెలిగి ఉంటుందో చెప్పక్కర్లేదు. మర్పల్లిలో ఎరువుల దుకాణం నడుపుతూ, ఇరవై ఎకరాల కంది చూసుకుంటూ, అన్నీ ఉన్న మనిషి. అయినా వాడికి ఆ తుపాకీ కావాలి.

"అక్కా, నీకు కనవడ్తలేదు. ఒప్పుకుంటే ఏం పోతది?" అన్నాడు.

"కనవడ్తలేదని నీకెవలు చెప్పిండ్రు?"

"నీ ఫోనే చెప్పింది. అక్షరాలు సినిమా పోస్టరంత చేసుకున్నవ్ గద. వచ్చే దసరాకు గూట్ల జాగ చేసి పెడ్త, తెచ్చి పెట్టిపో."

వాడు చెప్పింది నిజమే కావడం వల్ల నాకు ఇంకా మండింది. యాభై ఒకటో ఏట నా కన్ను ఏం చేస్తోందో భౌతికశాస్త్రం చెప్పే నాకు తెలియకపోదు. పాత తుపాకీతో గురి చూడాలంటే మూడు దూరాల్లో ఉన్న మూడు వస్తువులను ఒకే గీత మీద నిలపాలి: కంటికి దగ్గరగా ఉన్న గాడి, గొట్టం చివర గింజంత ఇనుప ముక్క, అవతల నిమ్మకాయ. గొట్టం చివరి ముక్కను నాయిన మక్కీ అనేవాడు. పడుచు కన్ను మూడింటి మధ్యా చకచకా తిరిగి వస్తుంది. నా కన్నులో ఇప్పుడు ఆ చురుకు లేదు. నిమ్మకాయ స్పష్టంగా ఉంటే మక్కీ నీళ్లలో పడ్డట్టు కరిగిపోతుంది. చదివే అద్దాలు పెడితే మక్కీ వస్తుంది, నిమ్మకాయ పసుపు మరకవుతుంది.

ఆ దసరా నుంచి నేను స్థిమితంగా కూర్చున్న గుర్తు లేదు. ఇల్లు వికారాబాదులో, కాలేజీ తాండూరులో. రోజూ పొద్దున ప్యాసింజరు ఎక్కి ధారూరు దాటేలోపు ఫోనులో తుపాకీ వీడియోలు నాలుగు చూసేదాన్ని. పక్కన కూర్చున్నావిడ పెసరట్టు చేసే విధానం చూస్తుంటే నేను స్ప్రింగు విప్పే విధానం చూసేదాన్ని. ఆ వీడియోల్లోనే రెడ్ డాట్ గురించి తెలిసింది. చిన్న గొట్టం లాంటిది. దూరాన్ని దగ్గర చేయదు, బొమ్మను పెద్దది చేయదు. లోపలి అద్దంలో ఒక ఎర్ర చుక్క మాత్రం కనిపిస్తుంది, అది కూడా అవతల లక్ష్యం ఉన్న దూరంలోనే ఉన్నట్టు. గాడి లేదు, మక్కీ లేదు. చుక్కను నిమ్మకాయ మీద పెట్టు, మీట నొక్కు. అంతే. ముసలి కళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? నియమంలో ఎక్కడా అద్దం పెట్టకూడదని నాయిన చెప్పలేదు. ఆ సంగతి ముందే మనసులో రాసిపెట్టుకున్నాను, తమ్ముడు అడుగుతాడని.

మొదట తెప్పించింది గొట్టం లేకుండా అద్దం బయటికే ఉండే రకం, చూడటానికి ముచ్చటగా ఉంది. ఇంటికి రాగానే కిటికీలోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద పెట్టి చూశాను. చుక్క కాదది. తోక ఉన్న కామా. అమ్మినవాడు హైదరాబాదులో దుకాణం ఉన్న కుర్రాడు. వాడికి ఫోను చేసి, గుండ్రం అంటే ఏమిటో తెలుసా అని అడిగాను. మరీ మర్యాదగా మాట్లాడుతున్నాడన్న కోపం కూడా కలిపి పావుగంట వాయించాను. మా ఆయన పేపరు చదువుకుంటూ అంతా విని, లేచి వచ్చి, తన ఫోను కెమెరా ఆ అద్దానికి ఆనించి ఫోటో తీశాడు. ఫోటోలో చుక్క గుండ్రంగా, బుద్ధిగా ఉంది. ఆయన ఏమీ అనలేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మనిషి నేర్చుకున్న అతి పెద్ద విద్య అదే.

చుక్క వంకర కాదు, నా కన్ను వంకర. వికారాబాదులో అద్దాల డాక్టరు ఏనాడో దూరం చూపుకు రాసిచ్చిన కళ్లద్దాలు పెట్టెలోనే ఉండిపోయాయి, ముఖానికి బాగాలేవని. అవి పెట్టుకుంటే తోక పోయింది. కుర్రాడికి మళ్లీ ఫోను చేసి, కామా పోయిందని మాత్రం చెప్పాను. ఎలా పోయిందో చెప్పలేదు.

పేల్చి చూసుకోవడానికి తాండూరులో చోటు దొరికింది. మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆవిడ భర్తకు బండలు పాలిష్ చేసే యూనిట్ ఉంది. ఆదివారం మిషన్లు ఆగిపోతాయి. వెనక ఆవరణలో, పాలిష్ నుంచి వచ్చిన బూడిదరంగు పిండి ఎండబెట్టి నింపిన గోనెసంచులను గోడలా పేర్చుకున్నాం. ఛర్రా ఆ పిండిలోకి పోయి అక్కడే ఉండిపోతుంది, తిరిగి రాదు. ఆవిడ ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడుతుంది. నేను ఏం చేసినా చివరిదాకా చూసి ఆఖరున ఒక ముక్క అంటుంది.

పేల్చే ముందు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గొట్టం విరిచినప్పుడు వెనక ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. దాంట్లో రెండు చుక్కల నువ్వుల నూనె వేయాలి. నాయిన దీపం ప్రమిదలోంచి వేలికొసతో తీసి వేసేవాడు. దసరాకైతే అది పూజలో భాగమే. మామూలు రోజుల్లోనూ నూనె వేయకుండా ఆయన తుపాకీ ముట్టడం నేను చూడలేదు. ఆ తర్వాత మొదటి దెబ్బకు ధన్‌మని మోగి, గొట్టం కొస నుంచి సన్నగా నీలం పొగ లేస్తుంది. వెనకే ఆ వాసన. నాకు నాయిన మాట కన్నా, ఫోటో కన్నా ముందు ఆ వాసనే గుర్తొస్తుంది. నేనూ చిన్న సీసాలో నూనె పట్టుకుని తాండూరు రైలెక్కేదాన్ని.

"ఏం వాసన మేడం ఇది? దోసె పెనం మాడినట్టుంది" అంది కెమిస్ట్రీ ఆవిడ మొదటి ఆదివారమే.

మా తుపాకీ వాసన అని గొప్పగా చెప్పాను. మోత విన్నారా, కొత్త తుపాకులకు ఎక్కడిది ఈ దమ్ము, అని కూడా అన్నాను. ఆవిడ ఏదో అనబోయి ఊరుకుంది. అననిచ్చి ఉండాల్సింది.

మొదటి రెడ్ డాట్ మూడో ఆదివారం చచ్చిపోయింది. ఎర్ర చుక్క ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. బ్యాటరీ మార్చినా రాలేదు. దుకాణం కుర్రాడు, అది తేలిక రకం మేడం, గట్టిది పంపిస్తా, పెద్ద రైఫిళ్ల తాకిడికే ఆగేది, అన్నాడు. రెండోది వచ్చింది. మందపాటి లోహపు గొట్టం, చేతిలో పట్టుకుంటే తూకం రాయిలా ఉంది. సంతోషించాను. నాలుగు వారాల్లో దాని లోపలి అద్దం వదులై గిలక్కాయలా మోగడం మొదలుపెట్టింది. పైగా బిగించిన చోటు నుంచి వేలెడంత వెనక్కి జరిగి, తుపాకీ ఉక్కు మీద తెల్లటి గీత పెట్టింది.

ఈసారి కుర్రాణ్ని వదలకూడదనుకున్నాను. రైల్లో నిలబడి, జనం వింటుండగా వాడికి న్యూటన్ మూడో నియమం చెప్పాను. పెద్ద రైఫిల్ వెనక్కి ఒక్కసారే తంతుంది. స్ప్రింగు తుపాకీ రెండుసార్లు తంతుంది. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి, పిస్టన్ ఆ చివర గాలిని ఒత్తి టక్కున ఆగేటప్పుడు తుపాకీ ముందుకు. ఒకవైపు దెబ్బకు ఆగే వస్తువు రెండువైపుల దెబ్బకు ఆగాలని రూలేమీ లేదు. పెద్ద రైఫిల్‌కు ఆగితే దీనికీ ఆగుతుందని ఎలా అమ్మావు? వాడు పాపం ఒప్పుకున్నాడు. స్ప్రింగు తుపాకులకే చేశామని పెట్టె మీద రాసి ఉన్న మూడోది పంపాడు. చిన్నది, తేలిక, నాలుగువైపులా మూసిన గొట్టం. అడుగున ఒక పిన్ను, అది తుపాకీ మీద రంధ్రంలో దిగి వెనక్కి జరగనివ్వదు. మరలకు అంటించే జిగురు కూడా పంపాడు. పంపి, ఇంతకన్నా గట్టిది నా దగ్గర లేదు మేడం, అన్నాడు. ఆ మాటలో ఒక దండం ఉంది.

అప్పటికి వానలు పట్టుకున్నాయి. దసరా ఆరు వారాల్లోకి వచ్చింది. తమ్ముడు ఫోను చేసినప్పుడల్లా, గూట్లో జాగా ఖాళీ చేశాననీ, రంగు కూడా వేయించాననీ చెబుతున్నాడు. వంట చేస్తూ చేస్తూ మానేసి వెళ్లి తుపాకీ మీద మరలు బిగించుకునేదాన్ని. పరీక్ష పేపర్లు దిద్దుతూ లేచి వెళ్లి చుక్క వెలుగుతోందా అని చూసేదాన్ని. వెలుగుతున్నప్పుడు కూడా నెమ్మది ఉండేది కాదు, ఎంతసేపు వెలుగుతుందో అని. అదీ కాక ఇంకో పీడ. చుక్క ఒకచోటే ఉన్నా దెబ్బలు ఒకచోట పడటం లేదు. మొదటి అయిదారు ఛర్రాలు పైకి పోతాయి, తర్వాతవి కిందికి దిగుతాయి, మళ్లీ నూనె వేస్తే మళ్లీ పైకి. దాన్నీ రెడ్ డాట్ ఖాతాలోనే వేశాను.

రెండో ఆదివారం మూడోది కూడా మిణుకుమంది.

ఆరిపోలేదు. మిణుకుమని మళ్లీ వెలిగింది. వెంటనే మరలు విప్పి, దాన్ని చేతిరుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను. కెమిస్ట్రీ ఆవిడ నా ముఖం చూసి టీ తేవడానికి వెళ్లింది. నేను అక్కడే బండల దొంతి మీద కూర్చుని కుర్రాడికి ఫోను చేశాను. ఈసారి అరవలేదు. అరిచే ఓపిక లేదు. వాడు, అదే రెడ్ డాట్ మా దగ్గర కొన్నవాళ్లెవరూ వెనక్కి తేలేదు మేడం, తుపాకీ బాగుచేసినతన్ని ఒకసారి అడగండి, అన్నాడు.

తుపాకీ బాగుచేసింది పాతబస్తీలో ఒక ముసలాయన. నాలుగేళ్ల కిందట స్ప్రింగు నీరసపడితే ఆయనకిచ్చాను. స్ప్రింగు మార్చి, లోపల ఇంకేవో మార్చి, అద్దాలు బిగించుకోవడానికి పనికొస్తాయని పైన సన్నటి గాడులు కోసి ఇచ్చాడు. తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు తుపాకీ కట్టె పిడి మీద ఒక గీత కనిపించింది. ఆ గీత మీరే పెట్టారని అరగంట గొడవపడ్డాను. అది నేను చిన్నప్పుడు బావి గట్టుకు కొట్టుకుని పడిన గీత అని వికారాబాదు వచ్చాక గుర్తొచ్చింది. ఆ సిగ్గుతో మళ్లీ ఆయన ముఖం చూడలేదు. ఇప్పుడు అదే నంబరుకు ఫోను చేయాల్సి వచ్చింది.

ఆయన గుర్తుపట్టాడు. కట్టె మీద గీత అమ్మగారా, అన్నాడు. మూడు రెడ్ డాట్ల కథా చెప్పాను. ఓపికగా విన్నాడు.

"పొగ వస్తదా మేడం?"

"వస్తది. మోత గూడ మస్తు. మీరు చేసిచ్చినంక ఇంకా పెరిగింది."

అవతల ఏదో పనిముట్టు కింద పెట్టిన చప్పుడైంది.

"నూనె ఏస్తున్నరా?"

"ఏస్తం. మా నాయిన కాలం నుంచి..."

"మీ నాయిన కాలంల లోపల తోలు వాషర్ ఉండె మేడం. తోలు ఎండొద్దని నూనె. నేను తోలు తీసి ప్లాస్టిక్ సీల్ ఏసిన. దానికి నూనె పడొద్దు. ఆ రోజే చెప్పిన."

"నాకు చెప్పలే."

"చెప్పిన మేడం. మీరు మాట్లాడుతుండిరి."

ఫోను చెవి దగ్గరే ఉంది. ఆయన ఇంకా చెబుతున్నాడు, పిస్టన్ గాలిని ఒత్తినప్పుడు వేడికి నూనె మండుతుందనీ, అది పేలుడే అనీ, దానికి స్ప్రింగే ఆగదు, అద్దం ఎక్కడ ఆగుతుందనీ. వినక్కర్లేదు నాకు. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఏడూ, సెకండియర్ పిల్లలకు, ఇదే ఊళ్లో, బోర్డు మీద బొమ్మ వేసి చెబుతున్నాను: గాలిని ఒక్కసారిగా ఒత్తితే వేడెక్కుతుంది, డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కర్లేదు, ఆ వేడికే ఇంధనం మండుతుంది. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల ఉదాహరణ అడుగుతుంది. సైకిల్ పంపు అని చెబుతాను. చేతిలో ఏకంగా ఇంజనే పట్టుకుని, దాంట్లో ఇంధనం నేనే పోసి, పొగ చూసి మురిసి, మోత విని మురిసి, అద్దాలు చెడిపోతే హైదరాబాదు కుర్రాణ్ని తిట్టాను.

టీ తెచ్చిన కెమిస్ట్రీ ఆవిడకు చెప్పాను. ఆవిడ గ్లాసు నా చేతికిచ్చి, "మొదటి రోజే అనుకున్న. మీకు తెల్వదా అని ఊకున్న" అంది. ఆవిడ మీద కోపం రావడానికి కూడా దారి లేకుండా చేశాను నేను.

ఇంటికి వెళ్లాక ఇనుప పెట్టె తీశాను. నాలుగేళ్ల కిందట ముసలాయన తుపాకీతోపాటు ఒక చిన్న పొట్లం ఇచ్చాడు. విప్పకుండానే ఈ పెట్టెలో పడేశాను. పొట్లంలో ఆ తోలు వాషర్ ఉంది. రూపాయి బిళ్లంత గుండ్రంగా, నల్లగా, గట్టిపడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా అదే వాసన.

ముసలాయన చెప్పినట్టే చేశాను. లోపల గుడ్డతో తుడిచాను. రెడ్ డాట్ పెట్టకుండా, నూనె వేయకుండా, పాత నూనె మండిపోయేదాకా రెండు ఆదివారాలు ఉట్టి ఛర్రాలు పేల్చాను. మోత దెబ్బదెబ్బకూ చిన్నదైంది. పొగ సన్నబడింది. రెండో ఆదివారం మధ్యాహ్నానికి అసలు లేదు. పుస్తకం మూసినట్టు టప్‌మంది, అంతే. దెబ్బలు మాత్రం ఒకచోట పడుతున్నాయి. మూడో రెడ్ డాట్‌ను బయటికి తీసి, బ్యాటరీ మూత కింద రేకును కొంచెం పైకి లేపి, జిగురు వేసి మరలు బిగించి మళ్లీ పెట్టాను. యాభై పేల్చాను. వెలుగుతూనే ఉంది. ఇంకో యాభై పేల్చాను. వెలుగుతూనే ఉంది. నమ్మకం రాలేదు. చచ్చిపోయిన రెండూ నమ్మించే చచ్చాయి. పైగా అన్నీ సరిగ్గా జరుగుతుంటే నాకేదో పోగొట్టుకున్నట్టుంది. తుపాకీ బాగుపడింది. నాయిన దాంట్లోంచి లేచి వెళ్లిపోయాడు.

దసరా నాడు పొద్దున్నే మర్పల్లి చేరాం. తమ్ముడు పీట మీద అన్నీ సర్దాడు. గొడ్డళ్లు, కుట్టుమిషను తల, ట్రాక్టరు తాళాలు. తుపాకీ కోసం మధ్యలో ఖాళీ. నేను తుపాకీ పెట్టగానే వాడి చూపు రెడ్ డాట్ మీద పడింది.

"గిదేంది? లైటు పెట్టుకోని కొట్టుడు గూడ కొట్టుడేనా?"

నాయిన ఎక్కడ వద్దన్నాడో చూపించమన్నాను. వాడు నసిగాడు. బొట్లు పెట్టాక అలవాటుగా దీపం ప్రమిద నా ముందుకు జరిపాడు. నేను చేయి చాపలేదు.

"నూనె ఎయ్యక్కా."

"ఎయ్యను."

ఇంట్లో అందరూ ఇటు తిరిగారు. కారణం చెప్పాను. తోలు, ప్లాస్టిక్, వేడి, పేలుడు. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆ ముక్క మెల్లగా అన్నాను కాబట్టి ఎంతమందికి వినపడిందో తెలియదు. వాడికి ఎక్కలేదు. "నాయిన ఏసేటోడు. నువ్వు ఎయ్యవు. తుపాకీ నాయినది గాదా?" అన్నాడు. వాడి గొంతు వేరుగా ఉంది, ఎగతాళి లేదు. బ్యాగులోంచి పొట్లం తీసి, తోలు వాషర్‌ను తుపాకీ పక్కన పీట మీద పెట్టాను. ఇది నాయినది, నాయిన నూనె వేసింది దీనికే, అన్నాను. వేలికొసతో దాని మీద రెండు చుక్కలు వేశాను. ఎండిన తోలు చూస్తుండగానే తాగేసింది. వాడు వంగి చూశాడు. ప్రమిదను వెనక్కి జరిపాడు.

పెరట్లో నిమ్మకాయ కట్టారు. దూరం చూపు అద్దాలు పెట్టుకున్నాను. ఎంత అసహ్యంగా ఉన్నానో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చుక్క వెలుగుతోంది. నిమ్మకాయ మీద పెట్టాను. చుక్క అటూ ఇటూ ఎగురుతోంది, చుక్క కాదు ఎగిరేది, నా చెయ్యి. మొదటి ఛర్రా తప్పింది. ఎవరూ మాట్లాడలేదు. పోయినసారి మాట్లాడితే నేనేం చేశానో వాళ్లకు గుర్తుంది.

రెండోసారి గొట్టం విరుస్తుంటే ఆ రంధ్రం కనిపించింది. శుభ్రంగా, పొడిగా ఉంది. ఛర్రా పెట్టి మూశాను. ఊపిరి సగం వదిలి, చుక్క పసుపు మీదికి వచ్చినప్పుడు నొక్కాను. టప్.

"మోగలే గదక్కా" అన్నాడు తమ్ముడు. వాడు మోత కోసమే ఎదురుచూస్తున్నాడు, అందరిలాగే. నిమ్మకాయ గిరగిరా తిరుగుతోంది. వాడు వెళ్లి పట్టుకుని ఆపాడు. రసం వాడి మణికట్టు మీదికి కారింది.

తుపాకీ నా దగ్గరే ఉంటుందని ఎవరూ పైకి చెప్పలేదు. చెప్పక్కర్లేదు. వాడు చేయి తుడుచుకుంటూ వచ్చి, మూడో ఛర్రా మిగిలింది గద, ఒకసారి చూస్తా, అన్నాడు. మామూలు రోజైతే ఇచ్చేదాన్ని కాదు. ఇచ్చాను. వాడు భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. పేల్చలేదు.

"ఎర్రగ మంచిగ కనవడ్తుంది" అన్నాడు చివరికి.

"మక్కీ కనవడ్తలేదా నీకు?"

"రెండేండ్లాయె. నువ్వు తుపాకీ ఇస్తే ఏం జేద్దునో నాకే ఎర్క లేదు." తుపాకీ దించాడు కానీ చేతిలోంచి వదల్లేదు. "అక్కా, నాయినకు గూడ మక్కీ కనవడకపోవుండె గావచ్చు. గందుకే నీకిచ్చిండు."

ముప్పై ఏళ్లుగా నా కన్ను మంచిదని ఇచ్చాడనుకున్నాను. తమ్ముడి కన్నా మంచిదని. నాయిన ఆ రెండు దసరాల్లో ఏమన్నాడో ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నాను. దారం ఊగిందన్నాడు. గాలి తిరిగిందన్నాడు. ఆయనకప్పుడు నా వయసే.

వాడితో వాదించడానికి ఏదో ఒకటి దొరక్కపోదని వెతికాను. దొరకలేదు. పేల్చు, చెయ్యి నొప్పి పుడుతుంది, అన్నాను. వాడు పేల్చాడు, తప్పింది. ఈ అద్దం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. హైదరాబాదు కుర్రాడి నంబరిచ్చి, జర మర్యాదగా మాట్లాడమని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో, వికారాబాదు ఇంకా రాకముందే, తుపాకీ కవరు జిప్పు కొంచెం తీసి, వేలు పెట్టి రెడ్ డాట్ బటను నొక్కి చూశాను. చుక్క వెలుగుతోంది. మా ఆయన బండి నడుపుతూ, వెలుగుతోందా, అని అడిగాడు. ఇప్పటికైతే, అన్నాను.